గాలి మిగిల్చిన గంట

"నేను నిద్రపోలేదండీ," అన్నాడు కొరియర్.

"నిద్రపోయారని నేనెక్కడ అన్నాను? ప్రయాణం ఎంతసేపు పట్టిందని అడిగాను," అంది లెక్కల మేడమ్.

కొరియర్ నాలిక కరుచుకున్నాడు. అరవై దాటిన మనిషి. నిన్న సాయంత్రం వేసుకున్న చొక్కాతోనే ఉన్నాడు. ఆస్పత్రి కింది అంతస్తులో వాచ్‌మెన్ల గదిలో పొద్దున్నుంచీ కూర్చోబెట్టి, అడిగిందే అడుగుతున్నారు. గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. మేడమ్ కోసం మూడోది తొమ్మిదో అంతస్తు నుంచి చిన్న డాక్టర్ మోసుకొచ్చి వేసి వెళ్ళాడు. కుర్రాడు మర్యాదస్తుడు.

లెక్కల మేడమ్ ఇరవై రెండేళ్ళు పదో తరగతికి లెక్కలు చెప్పి, ఆ తర్వాత డిటెక్టివ్ అయింది. రెండు ఉద్యోగాలకీ పెద్ద తేడా లేదంటుందావిడ. తప్పు జవాబు తెచ్చినవాడు ఏ మెట్టు దగ్గర తప్పాడో వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి చూడటమే పని. రెండో కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆవిడ క్లాసులోనే వెనక బెంచీ మీద కూర్చున్నవాడు. లెక్కల పరీక్షలో అర మార్కు తక్కువై తప్పాడు. ఆవిడ ఆ అర మార్కు వెయ్యలేదు. అప్పట్నుంచీ ఆవిడ మనసులో ఆయన పేరు అర మార్కు. ఆయన మనసులో ఆవిడ పేరేమిటో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

విషయం పెద్దదే. తొమ్మిదో అంతస్తులో ఒక గాజుగది ఉంది. అందులో ముప్ఫై ఏళ్ళ అమ్మాయి ఉంది. రోగం పట్టిన ఆమె ఎముక మజ్జను డాక్టర్లు మందులతో పూర్తిగా తుడిచేశారు. ఆ ఖాళీలోకి వేరొకరి కణాలు ఎక్కించాలి. ఆమెకు సరిపోయే మనిషి సముద్రానికి అవతలి ఒడ్డున ఒక్కడే దొరికాడు. అతని ఒంట్లోంచి తీసిన కణాలను ఒక సంచిలో పోసి, నీలం రంగు చల్లపెట్టెలో పెట్టి, ఈ కొరియర్ విమానంలో మోసుకొచ్చి నిన్న సాయంత్రం ల్యాబ్‌లో అప్పగించాడు. తెల్లారి పరీక్ష చేస్తే సంచిలో ఉన్నది ఎర్రటి నీళ్ళు. బతికున్న కణం ఒక్కటీ లేదు. అసలు సంచి దొరక్కపోతే ఆ అమ్మాయి రెండు వారాలు కూడా ఉండదు. చిన్న జలుబు చాలు, తీసుకుపోతుంది.

మేడమ్‌ని పిలిపించింది ఆ అమ్మాయి అక్క.

"పది గంటలండీ. ఎప్పుడూ అంతే. ఇటు వచ్చేటప్పుడు పది, అటు వెళ్ళేటప్పుడు ఎనిమిదిన్నర," అన్నాడు కొరియర్.

"అదేమిటయ్యా?" ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "ఒకటే సముద్రం, ఒకటే విమానం. వెళ్ళేటప్పుడు అడ్డదారి ఏమైనా ఉందా?"

"గాలండీ. అక్కడ పైన గాలెప్పుడూ ఇటునుంచి అటు వీస్తుంది. వెళ్ళేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు తంతుంది."

"టిక్కెట్టు మీద చూస్తే మధ్యాహ్నం రెండుకి బయల్దేరి సాయంత్రం ఐదుకి దిగావని ఉంది. మూడు గంటలే కదా?"

"రెండు అనేది అక్కడి రెండు నాయనా," అంది మేడమ్. "వాళ్ళ గడియారం మనకంటే ఏడు గంటలు ముందు. అక్కడ మధ్యాహ్నం రెండంటే మనకి పొద్దున ఏడు. ఏడు నుంచి ఐదు దాకా పది."

"ఆ మాత్రం నాకూ తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. తెలియదని మీసమే చెప్తోంది.

మేడమ్ కొరియర్ వైపు తిరిగింది. పెట్టె మోసేవాళ్ళ పద్ధతులన్నీ చెప్పించింది. పెట్టెను ఎక్స్‌రే మిషన్లో పెట్టనివ్వకూడదు. తలమీద అరలో పెట్టకూడదు. రెండు పాదాల మధ్య పెట్టుకుని, దాని పట్టీ కాలికి చుట్టుకోవాలి. మందు ముట్టకూడదు. నిద్రపోకూడదు. ఇది అతనికి నలభై ఒకటో ప్రయాణం. నలభై ప్రయాణాల్లోనూ రెప్ప వెయ్యలేదని చెప్తున్నప్పుడు మాత్రం ఆయన వెన్ను నిటారుగా లేచింది.

"పది గంటలు మేలుకుని ఏం చేస్తారు?"

"ముందు సీటు వెనక తెర ఉంటుంది కదండీ. మన విమానం ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో చూపిస్తుంది. అదే చూస్తూ కూర్చుంటాను. ఇటు వచ్చేటప్పుడు ఎనిమిది వందలు దాటదు. నిన్న మాత్రం విచిత్రం, ఎదురుగాలే లేదు. దారి పొడుగునా ఎనిమిది వందల ఎనభై..."

మాట మధ్యలో ఆపేశాడు. ఆలస్యమైపోయింది. మేడమ్ కళ్ళు అప్పటికే సగం మూతపడ్డాయి. ఆవిడ పాత విద్యార్థులకు ఆ చూపంటే ఇప్పటికీ హడలే.

"దూరం ఎనిమిది వేల కిలోమీటర్లు. గంటకు ఎనిమిది వందలైతే పది గంటలు. ఎనిమిది వందల ఎనభై అయితే తొమ్మిదీ, పైన ఐదు నిమిషాలు. మీరు దిగింది ఐదుకి కాదు. నాలుగూ ఐదుకి."

"విమానాలు ఆలస్యంగా రావడం చూశాం గానీ గంట ముందు రావడమేమిటండీ?" అంటూ ఇన్‌స్పెక్టర్ నవ్వబోయి, ఎందుకైనా మంచిదని కానిస్టేబుల్ చేత విమానాశ్రయానికి ఫోన్ చేయించాడు. నాలుగూ ఏడుకి చక్రాలు నేల తాకాయని జవాబొచ్చింది.

ముందు తేరుకున్నది ఇన్‌స్పెక్టరే.

"అయితే ఏమైంది? ముందొచ్చినా దిగడానికి చోటు ఖాళీ ఉండదు. ఆ గంటా విమానంలోనే కూర్చోబెట్టి ఉంటారు. అంతేనా పెద్దాయనా?"

పోలీసే స్వయంగా అబద్ధం అల్లి చేతికి అందించాడు. పుచ్చుకుంటే సరిపోయేది. కొరియర్ తల అడ్డంగా ఊపాడు.

"లేదండీ. దిగగానే బయటికొచ్చేశాను. ఐదు కాకముందే ఇక్కడున్నాను. ల్యాబ్ వాళ్ళు ఆరింటికి తీసుకుంటామన్నారు. తలుపు మూసి ఉంది. బయట బెంచీ మీద కూర్చున్నాను. పట్టీ కాలికే ఉంది..." చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "చెయ్యకూడని పని చేశాను మేడమ్. నిద్రపోయాను. లేచేసరికి ఆరుకి ఐదు నిమిషాలు. పట్టీ అలాగే ఉంది. పెట్టె అలాగే ఉంది. ఏమీ కాలేదనుకున్నాను. జైల్లో పెడితే పెడతారు గానీ, నిద్రపోయానని ఈ నోటితో చెప్పలేకపోయాను."

ఆయన ఏడుస్తుంటే మేడమ్‌కి జాలీ కోపమూ కలిసి వచ్చాయి. ఈ ఒక్క మాట పొద్దున్నే చెప్పి ఉంటే సగం పూట కలిసొచ్చేది. పరువు కోసం దాచిన గంటలో ఒక పిల్ల ప్రాణం ఉంది.

---

ల్యాబ్ నాలుగో అంతస్తులో ఉంది. వరండాకి రంగులు వేయిస్తూ వారం కిందటే కెమెరాలు ఊడదీశారు. బెంచీ ల్యాబ్ తలుపుకి పది అడుగుల దూరంలో ఉంది. మేడమ్ దాని మీద కూర్చుని చూసింది. పక్కనే మెట్లు. ఎవరైనా మూడు అంగల్లో మాయమైపోవచ్చు.

ల్యాబ్ ఇన్‌ఛార్జి లావుపాటి మనిషి, చేతికి తొడుగులు లేనిదే తలుపు గడియ కూడా ముట్టుకోదు. నీలం పెట్టె తెరిచి చూపించింది. లోపల నాలుగు పక్కలా, అడుగునా, మూత కిందా ఒక్కొక్కటి చొప్పున ఆరు జెల్ ప్యాకెట్లు.

"ఇవి ఐస్ కాదండీ. ఐస్ అయితే కణాలు చస్తాయి. ఇవి నాలుగు డిగ్రీల దగ్గర గట్టిపడే రకం. మెల్లగా కరుగుతూ లోపల చల్లగా ఉంచుతాయి."

"నిన్న మీరు తెరిచినప్పుడు ఎలా ఉన్నాయమ్మా?"

"రాయిలా ఉన్నాయండీ. వేలు తగిలితే నొప్పెట్టింది. ఎంత బాగా సర్దాడో మహానుభావుడు అనుకున్నాను."

మేడమ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. ఆయన అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి, దానికి కాపలా కాస్తున్నాడు.

"చూడండి టీచర్ గారూ. సంచి మారింది అవతలి ఒడ్డునే. అక్కడి ఆస్పత్రిలోనో, దారిలోనో. అక్కడి పోలీసులకి ఉత్తరం రాస్తాను. నా పరిధి సముద్రం దగ్గర ఆగిపోతుంది."

"పొద్దున ఏడింటికి ఫ్రీజర్‌లోంచి తీసిన పాలప్యాకెట్టు సాయంత్రం ఆరింటికి గడ్డకట్టి ఉంటుందా?"

"ఉండదు."

"మరి ఇవెలా ఉన్నాయి? సముద్రం దాటొచ్చిన ప్యాకెట్లు సగమైనా మెత్తబడాలి. ఇవి దాటలేదు. ఈ పెట్టే దాటలేదు. నిన్న సాయంత్రం ఇక్కడ సర్దిన పెట్టె ఇది. మీ పరిధి నాలుగో అంతస్తులోనే ఉంది, సముద్రం దాకా వెళ్ళక్కర్లేదు."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "ఆ రోజూ ఇంతే. జవాబు రైటైనా, మెట్లు రాయలేదని కొట్టేశారు."

"మెట్లు రాయకపోతే జవాబు పక్కవాడిదో నీదో నాకెలా తెలుస్తుంది?"

ల్యాబ్ ఇన్‌ఛార్జి ఆ గొడవ ఏమిటో అర్థంకాక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మేడమ్ ప్యాకెట్లు నిలవచేసే ఫ్రిజ్ తెరిపించింది. ఆరేసి చొప్పున పేర్చి ఉన్నాయి. ఒక వరసలో చోటు ఖాళీగా ఉంది. ఆరు కాదు, పన్నెండు పట్టే చోటు.

"నిన్న మధ్యాహ్నం నేనే నింపానండీ," అంది ఇన్‌ఛార్జి. "ఈ ఫ్రిజ్‌కి తాళం ఉండదు. వార్డువాళ్ళూ వచ్చి తీసుకుంటుంటారు."

పన్నెండు. దొంగపెట్టెకి ఆరు. మరి మిగతా ఆరూ ఎందుకు? మేడమ్ అక్కడే నిలబడి ఆలోచించింది. ఆ పిల్లని చంపాలనుకున్నవాడు సంచిని మోరీలో పారేస్తాడు, కరుగుతున్న ప్యాకెట్లు మార్చడు. దొంగ అసలు పెట్టెకి కొత్త ప్యాకెట్లు వేశాడు. కణాలు బతికుండాలని కోరుకుంటున్నాడు. ఆవిడకి పొద్దున్నుంచీ మొదటిసారి గుండె తేలికైంది.

"ఒక మాట చెప్పమ్మా. మామూలుగా సంచి రాగానే ముందు ఏం చేస్తారు?"

"టైం చీటీ అంటిస్తామండీ. సంచి మీద అక్కడివాళ్ళు రాసిన టైం ఉంటుంది, కణాలు తీసింది ఎప్పుడని. దాన్ని మన టైంకి మార్చి, దానిమీదే మన చీటీ అంటిస్తాం. తీసింది మొదలు డెబ్బై రెండు గంటలు. ఆపైన ఎక్కించి లాభం లేదు. పై అంతస్తువాళ్ళు చూసేది మా చీటీయే. కింద ఏముందో వాళ్ళకి కనపడదు కూడా."

---

తొమ్మిదో అంతస్తులో గాజుగది ముందు పెద్ద డాక్టర్ నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి. తల నెరిసినా నడకలో విసురు తగ్గలేదు. పక్కనే చిన్న డాక్టర్ మందుల కాగితాలు పట్టుకుని ఉన్నాడు.

"ఆ కణాలు ఇంకెవరికైనా పనికొస్తాయా డాక్టర్ గారూ?" మేడమ్ అడిగింది.

"ఎవరికీ పనికిరావు. లోకం మొత్తం మీద ఈ అమ్మాయికి తప్ప. ఎవరో పిచ్చివాడు చేసిన పని. ఆ దాత మళ్ళీ ఇవ్వాలంటే మూడు వారాలు పడుతుంది. ఈ అమ్మాయికి మూడు వారాలు లేవు." పెద్ద డాక్టర్ గడియారం చూసుకుంది. "నాకు రౌండ్స్ ఉన్నాయి. ఏమైనా తెలిస్తే చెప్పండి."

ఆవిడ వెళ్ళింది. చిన్న డాక్టర్ నర్సుల బల్ల దగ్గరికి పోయి ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు.

గాజు అవతల ఆ అమ్మాయి గుండుతో, నవ్వుతూ కూర్చుని ఉంది. అక్కని చూసి చెయ్యి ఊపింది. విమానం ఆలస్యమైందని చెప్పారామెకి. గంట ముందొచ్చిన విమానం మీద ఎంత నింద పడిందో అనుకుంది మేడమ్.

ఎవరికీ పనికిరాని వస్తువుని ఎవరో జాగ్రత్తగా దాచారు. అంటే దానికి బేరం ఒక్కచోటే పెట్టగలరు. మేడమ్ అక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఫోన్ ఎప్పుడొచ్చిందమ్మా?"

"ఏ ఫోనండీ?"

"నువ్వు పొద్దున్నుంచీ ఆ ఫోన్‌ని గుప్పిట్లోంచి వదలడం లేదు. ఒక్కసారి కూడా ఎవరికీ చెయ్యలేదు. వస్తుందని చూస్తున్నావు."

అక్క లిఫ్టులు తనిఖీ చేసే ఇంజినీరు. మాట నిక్కచ్చి, మనిషి గట్టి. అలాంటిది గోడకి ఆనుకుని జారిపోయి కింద కూర్చుండిపోయింది.

"పోలీసులకి చెప్తే సంచి పారబోస్తామన్నారండీ. తొమ్మిదింటికి ఎవరో మగమనిషి చేశాడు. రేపు పదకొండింటికి కోర్టులో నా సాక్ష్యం ఉంది. ఆ అపార్టుమెంట్ల లిఫ్టు తాడు అరిగిపోయింది, నడపొద్దని నేను రాసిచ్చాను. బిల్డర్ నడిపించాడు. ముగ్గురు పోయారు. రేపు నేను 'గుర్తులేదు' అనాలట. అంటే సంచి తెచ్చిస్తారట."

"ఏ టైంకి?"

"మూడింటికల్లా అన్నారు. కంగారు పడొద్దన్నారు. రేపు సాయంత్రం ఐదింటిదాకా కణాలు బతికే ఉంటాయట." ఆమె ఒక్కసారిగా మేడమ్ చెయ్యి పట్టుకుంది. "నేను అనేస్తానండీ. గుర్తులేదనే అంటాను. ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. నాకు అది ఒక్కతే చెల్లెలు."

మేడమ్ ఆ మాటలన్నీ విన్నా, ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఐదు.

ల్యాబ్‌కి ఫోన్ చేసింది. కణాలు ఎప్పుడు తీశారు? సోమవారం సాయంత్రం ఐదింటికి. అక్కడి ఐదా, మన ఐదా? అక్కడిదండీ, మనకి పొద్దున పది.

ఆవిడ ఇన్‌స్పెక్టర్‌ని చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"దొంగ లెక్క తప్పాడు నాయనా. సంచి మీద సోమవారం సాయంత్రం ఐదు అని ఉంది. దానికి డెబ్బై రెండు గంటలు కలిపి గురువారం ఐదు అనుకున్నాడు. అది అక్కడి ఐదు! మనకి రేపు పొద్దున పదికే అయిపోతుంది. కోర్టు మొదలయ్యేది పదకొండుకి. వాళ్ళు ఆడమన్న అబద్ధం ఈ అక్క ఆడినా, వాడు మాట నిలబెట్టుకుని సంచి తెచ్చినా, అందులో ఉండేది శవాలే."

ఇన్‌స్పెక్టర్ పెదాలు కదిపి లెక్క వేసుకున్నాడు. ఈసారి మెట్లు తప్పలేదు. మొహం పాలిపోయింది.

"డెబ్బై రెండు గంటల సంగతి తెలిసేంత చదువుకున్నవాడు ఇంత చిన్న తప్పు ఎలా చేస్తాడు?"

"చదువుకున్నవాడే చేస్తాడు. పై అంతస్తులో పనిచేసేవాడు ఎప్పుడు సంచి చూసినా దానిమీద ల్యాబ్ అంటించిన మన టైమే ఉంటుంది. చూసీ చూసీ కళ్ళకి అలవాటైపోయింది. ఈ సంచి ల్యాబ్‌కే పోలేదు. టైం మార్చి రాసినవాళ్ళెవరూ లేరు. వాడు ల్యాబ్ మనిషి కాదు, ఈ వార్డు మనిషి."

"అయితే సరే. వార్డులో వాళ్ళందర్నీ కనిపెట్టి ఉంటాను. రేపు కోర్టు దగ్గర మఫ్టీలో మనుషుల్ని పెట్టి..."

"రేపా? నీకు కావలసింది దొంగ. నాకు కావలసింది సంచి."

"మరేం చేద్దామంటారు?"

"వాడికి లెక్క చెప్దాం. అదిగో, ఆ గోడకున్న ప్రకటనల మైకు."

"ఆస్పత్రి మొత్తానికా!" ఇన్‌స్పెక్టర్ ఆవిడకి అడ్డంగా నిలబడ్డాడు. "మనకి తెలిసిపోయిందని వాడికి మనమే చెప్పడమా? పారిపోతాడు. ఇది క్లాసురూం కాదు టీచర్ గారూ, నా కేసు. నేను ఒప్పుకోను."

"దొరికిపోతానని భయపడినవాడు గేటు వైపు పరిగెత్తుతాడు. ఆ పిల్ల చచ్చిపోతుందని భయపడినవాడు పెట్టె వైపు పరిగెత్తుతాడు. ప్యాకెట్లు మార్చినవాడు రెండో రకం. పందెం నీ ఇష్టం. తప్పితే నన్ను లోపలెయ్యి."

ఇన్‌స్పెక్టర్ గాజుగది వైపు చూశాడు. ఆ అమ్మాయి ఎవరిదో కొత్త మొహం కనిపించిందని ఆయనకి కూడా చెయ్యి ఊపింది. ఆయన పక్కకి జరిగాడు. జరిగి, ఫోన్ తీసి గేటు దగ్గరి కానిస్టేబుల్‌తో, వార్డు స్టాఫ్ ఎవరినీ బయటికి పోనివ్వొద్దని చెప్పాడు.

మేడమ్ మైకు తీసుకుంది. క్లాసులో ఎలా చెప్పేదో అలాగే, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"నిన్న సాయంత్రం నీలం పెట్టె తీసుకున్నవారికి ఒక మాట. మీ చేతిలో ఉన్న సంచి మీద సోమవారం ఐదు అని ఉంది. దానిమీద ల్యాబ్ చీటీ లేదు. అది మన ఐదు కాదు, అక్కడి ఐదు. ఏడు గంటలు తీసెయ్యండి. మీకు టైం ఉన్నది రేపు సాయంత్రం ఐదు దాకా కాదు, రేపు పొద్దున పది దాకా. మీరు ఇద్దామనుకున్న వేళకి కణాలు చచ్చిపోతాయి. మీరు ఎవర్నీ చంపాలనుకోలేదని నాకు తెలుసు. మళ్ళీ చెప్తున్నాను. ఐదులోంచి ఏడు తీసెయ్యండి."

వరండాలో అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నర్సులు మొహమొహాలు చూసుకున్నారు. మందుల బండి తోసేవాడు బండి వదిలేశాడు.

నర్సుల బల్ల దగ్గర చిన్న డాక్టర్ కలం ఆగింది. ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ఐదు ముడిచాక కుడిచేతివి రెండు ముడిచాడు. తర్వాత కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి పరుగందుకున్నాడు. గేటు వైపు కాదు, మెట్ల వైపు.

---

రెండో అంతస్తులో రంగుల కోసం ఖాళీ చేసిన వార్డు ఉంది. అందులో మూల ఒక పాత టీకాల ఫ్రిజ్. మేడమ్ రొప్పుతూ చేరేసరికి ఇన్‌స్పెక్టర్ కుర్రాడి కాలరు పట్టుకుని ఉన్నాడు. పట్టుకోనక్కర్లేదు. వాడు ఎక్కడికీ పోవడం లేదు. తెరిచిన ఫ్రిజ్ ముందు మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు.

ఫ్రిజ్ ఖాళీగా ఉంది.

"ఇక్కడే పెట్టాను మేడమ్. మధ్యాహ్నం కూడా చూశాను. నిన్ననే ప్యాకెట్లు మార్చాను. నా చెల్లెలి మీద ఒట్టు, ఇక్కడే ఉంది."

అరమీద పెట్టె అడుగు మేర తడి ఉంది. మేడమ్ వేలు పెట్టి చూసింది. తీసి ఎంతోసేపు కాలేదు.

"దీనికి తాళాలెన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర." కుర్రాడు ఆగాడు.

"రెండోది?"

"పెద్ద డాక్టర్ మేడమ్ దగ్గర."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి కాలరు మీద వదులైంది.

"అంతా చెప్పు," అంది మేడమ్.

"ఆ బిల్డర్ పెద్ద మేడమ్‌కి బావ అవుతాడండీ. ఆ ఇంజినీరు పగబట్టి తప్పుడు సాక్ష్యం చెప్తోందని, ఆమె నోరు ఒక్క పూట కట్టేస్తే చాలని అన్నారు. పేషంటుకి ఏమీ కాదన్నారు. నేను ఒప్పుకోలేదు. నాకు చదువు చెప్పిన మనిషి, కాళ్ళావేళ్ళా పడినంత పని చేశారు. అప్పటికే కొరియర్ నిద్రలో ఉండగా పట్టీ విప్పి పెట్టె మార్చి తెచ్చేశారు. సంచి మీద టైం చూశాను. 'గురువారం ఐదు దాకా ఉంది కదా మేడమ్, ఆలోగా ఎక్కించేయొచ్చు కదా?' అని అడిగాను. అవునన్నారు. అందుకే ఒప్పుకున్నాను."

ఈ కుర్రాడు తప్పాడంటే అర్థముంది. పైచీటీ తప్ప ఏనాడూ చూడనివాడు. ఇరవై ఏళ్ళుగా దేశదేశాల సంచులు తెప్పించిన మనిషికి ఆ ఐదు ఎక్కడి ఐదో తెలియదా? తెలుసు. శిష్యుడు తప్పు లెక్క తెచ్చి చూపిస్తే, తప్పని తెలిసీ రైటు కొట్టింది. ఆవిడకి సాక్ష్యం పోతే చాలు, సంచి ఏమైపోయినా ఫర్వాలేదు. రేపు మధ్యాహ్నం చచ్చిన కణాలు ఎక్కించి, మా ప్రయత్నం మేం చేశామని చెప్పేది. తన జన్మలో ఇంత నీచమైన దిద్దుబాటు మేడమ్ చూడలేదు.

"నేను మైకులో చెప్పింది ఆవిడా విన్నది," అంది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే గేటుకి ఫోన్ కలిపాడు. "పెద్ద డాక్టర్ గారు ఎక్కడున్నారో చూడు. కనపడితే ఆపు."

అవతల కానిస్టేబుల్ గొంతు ఉత్సాహంగా వచ్చింది. అందరికీ వినపడింది.

"ఇప్పుడే వెళ్ళారు సార్. ఏదో అర్జెంట్ కేసట. వార్డు స్టాఫ్‌ని ఆపమన్నారు గానీ, పెద్ద డాక్టర్ గారిని ఆపుతామా? సెల్యూట్ కొట్టి గేటు తీశాను. పాపం ఒక్కరే మోసుకొస్తున్నారని, నీలం పెట్టె కూడా నేనే కార్లో పెట్టాను."